పేరు పెట్టని ఏడు

రాజకుమారుడు సుధన్వుణ్ణి నడిసముద్రంలో, విరిగిన తెరచాప కొయ్య మీద, వెనకనుంచి సొరచేప తరుముకొస్తుండగా వదిలిపెట్టి వచ్చాం. ఇంతసేపు ఆ కుర్రవాణ్ణి నీళ్లలో నానబెట్టడం మన తప్పే. కాబట్టి ముందు అతణ్ణి గట్టెక్కిద్దాం, కబుర్లు తరవాత చెప్పుకుందాం.

సొరచేప మూడోసారి నోరు తెరిచింది. సుధన్వుడు కొయ్య మీంచి నీళ్లలోకి జారి, ఆ కొయ్యనే ఎత్తి దాని దవడల మధ్య నిలువుగా దిగ్గొట్టాడు. నోరు మూసుకునే దారి లేక ఆ చేప తోకతో సముద్రాన్ని ఒక్క చరుపు చరిచింది. ఆ చరుపుకి లేచిన కెరటం రాజకుమారుణ్ణీ, అతని మెడ పట్టుకు వేలాడుతూ, ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకుంటున్న పుల్లంభట్టునీ కలిపి ఎత్తి, అల్లంత దూరాన తెల్లని ఇసుకలో పడేసింది.

పుల్లంభట్టు మేఘవతీ రాజ్యపు ఆస్థాన జ్యోతిష్కుడు. తిథులు లెక్కకట్టడంలో దిట్ట, తిండి విషయంలో అంతకన్నా దిట్ట. వీళ్లిద్దరూ ఇంత దూరం ఎందుకు వచ్చారంటారా? మేఘవతిలో మూడేళ్లుగా వాన చుక్క లేదు. క్షారముఖుడనే మాంత్రికుడు తొలకరి గాలిని తోలుసంచిలో మూటకట్టి పట్టుకుపోయాడు. వాడి కోట ఏ సముద్రంలో ఉందో ఎవరికీ తెలియదు. దాన్ని వెతకడానికి ఇద్దరూ గాజుల వర్తకుల వేషం కట్టి ఓడెక్కారు. ఓడ మునిగింది, గాజులు మునిగాయి, వేషం ఒక్కటే మిగిలింది.

"కుమారా, మనం బతికే ఉన్నామా?" అన్నాడు భట్టు ఇసుక ఉమ్ముతూ.

"ఆకలేస్తోందా?"

"వేస్తోంది."

"అయితే బతికే ఉన్నాం."

వాళ్లు పడ్డ చోటు పేరు తెల్లగవ్వ దీవి. ఏమి దీవి అది! మూడు వైపులా పగడపు దిబ్బలు కోటగోడల్లా నిలబడి పెద్ద కెరటాలను బయటే ఆపేస్తాయి. లోపలి నీళ్లు పసిపిల్లల నవ్వంత నెమ్మదిగా ఒడ్డును తాకుతాయి. ఒడ్డునుంచి లోపలికి మొగలిపొదలు, వాటి వెనక చెరకుతోటలు, ఆ పైన కొండవాలు నిండా నారింజచెట్లు. చలికాలంలో కూడా అక్కడ దుప్పటితో పనిలేదు. ఎండాకాలంలో కూడా సముద్రపుగాలి చెమట పట్టనివ్వదు. ఇళ్లకు తలుపులున్నాయిగాని గడియలు లేవు. ఆ ఉదయం ఊరి ఆడవాళ్లు ముంగిళ్లలో గవ్వలతో ముగ్గులు తీరుస్తున్నారు, మగవాళ్లు బెల్లం కాస్తున్నారు. ఆ వాసనకి భట్టు నడక పరుగయింది.

మొగలిపొదలు దాటగానే వాళ్లకి ఒక ముసలామె ఎదురొచ్చింది. డెబ్బై అయిదేళ్లుంటాయి. నడుం వంగలేదు, మాట అంతకన్నా వంగలేదు. ఆమె నూకాలవ్వ, ఊరికి పెద్ద.

"ఎవులు బాబూ మీరు?"

"గాజుల వర్తకులం, అవ్వా" అన్నాడు సుధన్వుడు.

"గాజులేవి మరి?"

"సముద్రం పెట్టుకుంది."

నూకాలవ్వ ఫక్కున నవ్వి అతని అరచేయి లాక్కుని చూసింది. "ఈ కాయలు గాజులు తొడిగినోడికి కాయవు. కత్తి తిప్పినోడికి కాస్తాయి. సర్లే, నువ్వు ఎవులైతే నాకేటి? దాహమేస్తున్నాదా? రా, తాగు. మా వూల్లో నీల్లు అడిగినోడిని ఎవులివని ముందు అడగం." ఆ ఆఖరి మాట అంటుండగా ఆమె ఎందుకో చూపు పక్కకు తిప్పుకుంది.

ఊరి మధ్యన ఒక చెలమ ఉంది. ఇసుకలోంచి ఉబికే తియ్యని ఊట. దీవి మొత్తానికి తాగేనీళ్లు అదొక్కటే. దాని చుట్టూ నడుమెత్తు రాతిగోడ, గోడలో ఒక్కో రాయి మీద ఒక్కో బొమ్మ చెక్కి ఉంది. తాబేలు, తిమింగలం, విరిగిన తెరచాప, నీళ్లలో ఈదుతున్న ఏనుగు. సుధన్వుడు కడుపునిండా నీళ్లు తాగి, ఆ బొమ్మలేమిటని అడిగాడు. అడిగింది ఒక్కరిని, చెప్పడానికి ఇరవైమంది పోగయ్యారు. ఒకరి మాట ఒకరు అందుకుంటూ చెబుతుంటే పొద్దు పడమటికి వాలింది.

ఆ దీవివాళ్లకి ప్రభవ విభవ లెక్కలు లేవు. ప్రతి వైశాఖ పున్నమికీ ఊరంతా చెలమ దగ్గర కూర్చుని, గడిచిన ఏడాదిలో మరచిపోకూడని సంగతి ఏదో తేల్చి, ఆ ఏటికి ఆ పేరు పెడతారు. ఊరంతా ఒప్పుకుంటేనే పేరు. ఒక్కరు కాదన్నా మళ్లీ మొదటినుంచి వాదన. పేరు కుదిరాక రాయి చెక్కి గోడలో పెడతారు. ఎవరి వయసైనా ఆ గోడ చూసే చెబుతారు. "మావోడు ఏనుగొచ్చిన ఏడు పుట్టినాడు" అంటే ఇక వేరే జాతకం అక్కర్లేదు.

"ఇదంతా సరదాకి కాదు బాబూ" అంది నూకాలవ్వ. "నా సిన్నప్పుడు ఈ దీవిలో చుక్క మంచినీల్లు నేవు. వానొస్తే తాగేవోల్లం, రాకపోతే నారింజకాయలు పీల్చీవోల్లం. ఒక వైశాక పున్నమినాడు ఉప్పు గడ్డమోడొకడు పడవెక్కి వొచ్చినాడు. కర్రతో ఇసక పొడిస్తే చెలమ పుట్టింది. అరవై ఏళ్లు తాగండి అన్నాడు. అరవై నిండిన నాడు వొస్తాను, పొద్దు గుంకేలోగా అరవై ఏళ్లలో ఏ ఏడు ఏటైనాదో వరస తప్పకుండా చెప్పాల, ఆ ఏటికి బతికున్నోల్లందరూ అవునని ఒప్పుకోవాల. చెప్తే చెలమ మీది. ఒక్క ఏడు తప్పినా చెలమ నాది, మీరూ నావోల్లే అన్నాడు."

"వాడి పేరు?"

"క్షారముఖుడంట."

సుధన్వుడి చేయి లేని కత్తి కోసం నడుము తడుముకుంది. వెతకబోయిన దొంగ తనంతట తానే వచ్చే చోటికి కెరటం తెచ్చి పడేసిందన్నమాట! "వాడు వచ్చేదెప్పుడు?"

"ఇంకా ఏడాదుందిలే. ఇయ్యాల పెట్టబోయేది యాభైతొమ్మిదో రాయి. వొచ్చే ఏడుకి అరవై."

ఊరివాళ్ల ముఖాల్లో బెదురు లేదు. అన్ని ఏళ్లూ అందరికీ కంఠతా వచ్చు. పిల్లలు ఉయ్యాలలో ఉండగానే ఆ వరస జోలపాటగా వింటారు. భట్టు ఒక చేత్తో బెల్లపు అచ్చు కొరుకుతూ, రెండో చేతి వేలితో గోడ మీద బొమ్మలు లెక్కపెడుతున్నాడు. అతనికి లెక్క కనపడితే ఊరుకోలేని జబ్బు. ఒక రాయి దగ్గర ఆగాడు. దాని మీద నల్లని చక్రం, చుట్టూ చుక్కలు.

"ఇదేమిటి తల్లీ?"

"సూరీడు మాయమైన ఏడు. ఇరవయ్యోది. మాఘమాసంలో మిట్టమద్దినాలు సీకటి పడిపోయి కోల్లన్నీ గూళ్లలో దూరిపోయినాయి."

భట్టు నమలడం ఆపేశాడు. భట్టు నమలడం ఆపడమంటే సామాన్య విషయం కాదు. సుధన్వుడు కంగారుగా దగ్గరికి వెళ్లాడు.

"కుమారా, ఆ సంపూర్ణ గ్రహణం రోజునే కదూ మీ నాన్నగారు పుట్టారు? మొన్న మాఘంలో మహారాజుకి నలభై నిండిన పండగ చేశాం. నేను పదకొండు లడ్డూలు తిన్నాను, అందుకే బాగా జ్ఞాపకం. గ్రహణం పట్టిన ఆ ఏడు వైశాఖ పున్నమికి ముగిసిందనుకో. అక్కణ్ణుంచి నేటికి సరిగ్గా నలభై వైశాఖ పున్నములు. నలభై రాళ్లుండాలి. ఇవాళ పెట్టేదాన్ని కలుపుకున్నా ముప్ఫైతొమ్మిదే ఉన్నాయి."

"అంటే?"

"అంటే అరవై నిండేది వచ్చే ఏడు కాదు నాయనా. ఇవాళే!"

జనం ఘొల్లుమన్నారు. పరాయివాడు, పైగా గాజుల్లేని గాజులవాడు, మా గోడనే తప్పంటాడా అని ఒకరిద్దరు చేతులెత్తారు కూడా. నూకాలవ్వ మాత్రం గోడ మీద కూలబడింది. ఆమె ముఖం చూసి అందరూ సద్దుమణిగారు.

"అయ్యోరు చెప్పింది నిజిం" అంది ఆమె. "ఒక ఏటికి పేరు పెట్టనేదు. నాను ఒక పేరు చెప్పినాను, మా ఎదురింటి గురువులనీవోడు ఒక పేరు చెప్పినాడు. నాను వొగ్గనేదు, ఆడూ వొగ్గనేదు. వాదించుకుంటా వాదించుకుంటా ఉంటే మల్లీ పున్నమి వొచ్చీసింది. పేరు నేని ఏటికి రాయి నేదు. రాయి నేదు గనక ఏడూ నేదనుకున్నాం. ఆ ఏడు పుట్టిన పిల్లల్ని పైఏటి లెక్కలో కలిపీసినాం. ముప్ఫై ఏళ్లయిపోయింది. మరిసిపోయినాం బాబూ. కాదు, మరిసిపోవాలని మరిసిపోయినాం."

"ఇప్పుడు చెప్పేస్తే సరిపోతుంది కదా?" అన్నాడు సుధన్వుడు.

"నా ఒక్కదాని నోరు సాలదు. గురువులు కూడా అవునన్నాల. ఆడు నాతో మాటాడి ముప్ఫై ఏళ్లు. ఎదురెదురు ఇల్లు మావి. పేరు పెట్టే రోజు పొద్దున్నే కాకిబండ మీదకెల్లి గేలం వేసుకు కూకుంటాడు. మీరేటి పెడితే అది నాకు ఒప్పుదలేనని కబురెడతాడు గానీ, ఈ గోడ దగ్గరికి రాడు."

అదే క్షణాన మిద్దె మీద నారింజతొక్కలు ఆరబోస్తున్న పిల్ల ఒకతి కేక పెట్టింది. పడమటి దిక్కున ఒక తెల్లని తెరచాప గాలికి ఎదురుగా వస్తోంది. దాని ముందు సముద్రం నీలం మాని సున్నంలా తెల్లబడుతోంది.

పొద్దు గుంకడానికి రెండు గడియలే ఉన్నాయి. సుధన్వుడు మారుమాట లేకుండా ఒడ్డునున్న దోనె ఒకటి నీళ్లలోకి తోసి, ఎవరిదో చేపలు కోసే కత్తి నడుముకు దోపుకుని తెడ్డందుకున్నాడు. ఇంతకాలం ఏనుగులెక్కిన రాజకుమారుడికి దోనె కొత్తే. రెండుసార్లు గుండ్రంగా తిరిగి, మూడోసారి దారికి తెచ్చుకున్నాడు. పగడపు దిబ్బల సందులో సుడి ఒకటి నోరు తెరుచుకుని ఉంది. దాని అంచు పట్టుకుని జారి, అవతలి కెరటం మీద ఎగిరి, కాకిబండకి కొట్టుకున్నాడు.

బండ మీద డెబ్బై ఏళ్ల ముసలివాడు గేలం వేసి కూర్చున్నాడు. ఒంటి మీద కండ కరిగిందిగాని ఎముక ఇంకా పడవ ఆకుకర్రలా గట్టిగా ఉంది.

"గురువులు తాతా! క్షారముఖుడు వస్తున్నాడు. నువ్వు రావాలి."

"ఇంకా ఏడాదుంది గదా."

"లేదు. పేరు పెట్టని ఏడు ఒకటుందట."

గురువులు గేలం తాడు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టడం మొదలుపెట్టినవాడు మధ్యలో ఆగిపోయాడు. "నన్నేటి సెప్పమంటాదంట ఆ నూకాలు?"

"నాకు చెప్పలేదు."

"సెప్పదు. అందరి ముందూ సెప్పాలనే ముప్ఫై ఏళ్లనుంచీ కాసుక్కూకుంది." ముసలివాడు లేచి దోనెలో కాలు పెట్టాడు. వెళ్లి ఒప్పుకుంటాడో, వెళ్లి కాదంటాడో సుధన్వుడికి అంతుపట్టలేదు.

సగం దారి వచ్చేసరికి తెడ్డు కదలనంది. చూస్తే నీళ్లు గడ్డకట్టి ఉప్పవుతున్నాయి! మాంత్రికుడి పడవనుంచి తెల్లని పెచ్చు నాలుగువైపులా పాకుతోంది. దోనె నట్టనడుమ బిగుసుకుపోయింది. సుధన్వుడు కత్తితో పెచ్చు పొడిచాడు. పొడిచిన చోట పగిలింది, పక్కన మళ్లీ కట్టింది.

"దిగు తాతా, పరిగెత్తు!"

"సముద్రం మీదా?"

"ఇప్పుడిది నేలే!"

ఇద్దరూ ఉప్పు పెచ్చు మీదకి దూకి పరుగందుకున్నారు. అడుగు తీసిన చోటల్లా ఫెళఫెళమని బీటలు, బీటల్లోంచి నీళ్లు చిమ్ముతున్నాయి. గురువులు కాలు ఒక బీటలో మోకాలిదాకా దిగిపోయింది. సుధన్వుడు అతణ్ణి చంకల కింద పట్టి పైకి లాగి, వీపున వేసుకుని, ఒడ్డు పదిబారలుందనగా పెచ్చు విరిగితే ఒక్క దూకు దూకి ఇసుక మీద పడ్డాడు. ఆ ఊపుకి గురువులు వెళ్లి నేరుగా భట్టు పొట్ట మీద వాలాడు.

"అయ్యోరూ" అంది నూకాలవ్వ భట్టుతో, గురువులు వంక చూడకుండా, "ఆయన కాలికి దెబ్బ తగిలిందేమో అడుగు."

"అయ్యోరూ" అన్నాడు గురువులు భట్టుతోనే, "ఏటీ కానేదని సెప్పు."

"ముందు నా పొట్ట మీంచి లేవమని ఆయనకి ఎవరైనా చెప్పండి" అన్నాడు భట్టు.

క్షారముఖుడు ఒడ్డుకు దిగాడు. భూతంలా గర్జిస్తాడనుకున్న జనం ఆశ్చర్యపోయారు. పొడవాటి మనిషి, పాలిపోయిన చర్మం, గడ్డంలో ఉప్పుగళ్లు మెరుస్తున్నాయి. నెమ్మదైన గొంతు. అతడు అడుగు వేసిన చోట పచ్చగడ్డి మాత్రం చప్పుడు లేకుండా ఎండిపోతోంది. చెలమ గోడ పక్కన పెళ్లికొచ్చిన చుట్టంలా చతికిలబడి, అరవై ఉప్పుగళ్లు ముందు పోసుకున్నాడు.

"చెప్పండమ్మా. నాకేమీ తొందర లేదు. తొందరంతా ఆ సూర్యుడిది."

నూకాలవ్వ లేచి నిలబడింది. ఆమె ఒక్కో పేరు చెబుతుంటే, ఆ ఏటికి పుట్టి ఉన్నవాళ్లందరూ "అవునవును" అంటున్నారు. అన్నప్పుడల్లా మాంత్రికుడు ఒక ఉప్పుగల్లు అవతలికి జరుపుతున్నాడు.

చెలమ పుట్టిన ఏడు. అవునవును. తిమింగలం ఒడ్డుకు పడితే ఊరంతా తాళ్లు కట్టి మళ్లీ నీళ్లలోకి తోసిన ఏడు. అవునవును. పొరుగుదీవికి వెళ్లాల్సిన పెళ్లికూతురు పడవ దారితప్పి ఇక్కడికొచ్చి, ఇక్కడి కుర్రాణ్ణే చేసుకుంటానని భీష్మించిన ఏడు. ఆ కుర్రాడు ఇప్పుడు పళ్లూడిన తాత, సిగ్గుపడుతూ అందరికన్నా గట్టిగా అవునన్నాడు. పెద్దగాలికి కప్పులన్నీ ఎగిరిపోతే పడవలు బోర్లించి వాటి కింద నాలుగు నెలలు కాపరాలు చేసిన ఏడు. ఏ రాజు ఓడ మునిగిందో ఏమో, ఏనుగొకటి ఈదుకుంటూ వచ్చి తోటలో చెరకంతా తిని, చచ్చేదాకా ఊరి పిల్లల్ని మోసిన ఏడు. సూర్యుడు మాయమైన ఏడు. తాబేళ్లు ముంగిళ్లలో గుడ్లు పెడితే నలభై రోజులు ఎవరూ ముగ్గు వేయని ఏడు. సుధన్వుడు తను రాజకుమారుణ్ణన్న సంగతే మరచి నోరు తెరుచుకు విన్నాడు. మేఘవతి కోటలో చెక్కిన శాసనాలన్నీ రాజులు గెలిచిన యుద్ధాలే. ఈ ఊరు ఎన్నడూ ఎవరినీ గెలవలేదు, అయినా వీళ్ల కథే బాగుంది.

ముప్ఫయ్యో పేరు చెప్పి నూకాలవ్వ ఆగింది.

"నారింజతోట కొండ కొనదాకా పాకిన ఏడు. బాగుంది" అన్నాడు మాంత్రికుడు. "తరవాత?"

పొద్దు సముద్రానికి జానెడు ఎత్తున ఉంది.

"చెప్పలేరు" అన్నాడు క్షారముఖుడు, ఎంతో దయగా. "మీ తప్పు కాదులే. అరవై ఏళ్లలో ఒక్కటైనా దాచుకోని ఊరు నేనింతవరకు చూడలేదు. అందుకే అన్ని చోట్లా ఇదే పందెం కడతాను. బంగారం అడిగితే జనం తిరగబడతారు. నిజం అడిగితే వాళ్లంతట వాళ్లే లొంగిపోతారు."

"ఉండు" అంది నూకాలవ్వ. "ముప్ఫైఒకటోది పడవను తోసీసిన ఏడు. ఆ ఏడు వానల్లేవు. చెలమ మోకాల్లోతుకి దిగిపోయింది. ఎండుదిబ్బ దీవోల్లు నలభైమంది, పసిపిల్లల్తో సహా, కాలీ కుండలు పట్టుకుని పడవలో వొచ్చినారు. నాలుగు రోజులు తాగనిచ్చి పంపీమన్నారు. మాకే సాలవన్నాం. ఒడ్డుకి కట్టిన తాడు ఇప్పీసినాం. పడవను నడిసముద్రంలోకి తోసీసినాం. మల్లీ ఆల్లు కనపడనేదు. నాను తొయ్యనేదు. అయినా ఒడ్డునే ఉన్నాను. సంకలో నీల్ల బిందుంది. ఒక్క ముంత వొంపనేదు."

పడుచువాళ్లు నిర్ఘాంతపోయి తమ తల్లిదండ్రుల వంక చూశారు. వాళ్లెవరూ ఈ సంగతి విని ఎరగరు. ముందుగా పళ్లూడిన తాత కళ్లు తుడుచుకుంటూ "అవునవును" అన్నాడు. అతని పక్కనున్న ఆమె అంది. ఒక్కొక్కరుగా ఆ ఏటికి పుట్టి ఉన్నవాళ్లందరూ తలవంచుకుని అన్నారు. గురువులు మాత్రం పెదవి విప్పలేదు.

పొద్దు అంచు నీళ్లను తాకింది. చెలమలో ఊట సన్నబడింది. అడుగున ఇసుక కనిపించడం మొదలయింది. ఒక తల్లి చంకలో బిడ్డను గట్టిగా అదుముకుంది.

"పెద్దాయనా" అన్నాడు మాంత్రికుడు, "ఆమె చెప్పింది నీకు ఒప్పుదలేనా? కాదంటే తప్పేం లేదు. ఊరిని కాపాడుకున్నావు. అప్పుడు నువ్వు చెప్పిన పేరేమిటి? 'నీళ్లు దక్కిన ఏడు' కదూ? అదీ నిజమే. ఆ పేరే నిలబెట్టుకో."

సుధన్వుడు ఏదో అనబోయాడు. నూకాలవ్వ అతని చేయి పట్టి ఆపేసింది.

గురువులు గోడ దగ్గరికి నడిచాడు. ముప్ఫై ఏళ్లలో అతను ఆ గోడను తాకడం అదే మొదలు. నారింజ బొమ్మ చెక్కిన రాయికీ దాని పక్క రాయికీ మధ్య సందులో వేలు పెట్టి తడిమాడు.

"నీల్లు దక్కినాయి. నిజిమే" అన్నాడు. "నాకు ఒక్క గుక్కా సరిగ్గా దిగనేదు. ఆ తాడు ఇప్పింది నాను. గెడ పెట్టి తోసింది నాను. ఒక పిల్ల పడవ అంచు పట్టుకుంది, దాని వేల్లు కూడా నానే ఇడిపించినాను. ఆ మాట నూకాలుకి కూడా తెల్దు." ఆ తరవాత ఊరంతా వినేలా గట్టిగా అన్నాడు. "పడవను తోసీసిన ఏడు. అవునవును."

మాంత్రికుడి చేయి తనకు తెలియకుండానే ఉప్పుగల్లును అవతలికి జరిపింది.

ఆ తరవాత మిగిలిన ఏళ్లు ఎలా పరిగెత్తాయో ఎవరికీ తెలియదు. నూకాలవ్వ ఊపిరి తీసుకోకుండా చెబుతోంది, జనం ఊపిరి తీసుకోకుండా అవునంటున్నారు. యాభైతొమ్మిది అయ్యేసరికి పొద్దు గోరంత మిగిలింది. ఆఖరి ఏటికి ఇంకా పేరే పెట్టలేదు! మామూలుగా ఉదయంనుంచి రాత్రిదాకా వాదించే ఊరది.

"గాజుల్లేని గాజులోల్లు వొచ్చిన ఏడు!" అని అరిచింది మిద్దె మీది పిల్ల.

"అవునవును!" అన్నారందరూ ఒకేసారి. పొద్దు గుంకింది. చెలమ భళ్లున పొంగి గోడ దాటి మాంత్రికుడి కాళ్లను తడిపింది. తియ్యని నీళ్లు తగిలిన చోటల్లా వాడి చర్మం పొగలు కక్కింది.

క్షారముఖుడు ఎగిరి పడవలో పడ్డాడు. నెమ్మదైన గొంతు ఏమయిందో, ఇప్పుడది రంపంలా కోస్తోంది. "చెలమ మీదే! తాగండి, చల్లగా తాగండి! తాగేటప్పుడల్లా తలుచుకోండి, మీరు తోసేసిన ఆ పడవ నాకు దొరికింది. ఆ నలభైమందీ చచ్చారనుకున్నారేమో. నా ఉప్పుకోట కింద తెడ్లు వేస్తూనే ఉన్నారు. ముప్ఫై ఏళ్లుగా దాహంతోనే ఉన్నారు. నా సీమలో చావు కూడా దొరకదు!"

తెల్లతెర గిర్రున తిరిగి పడమటికి పోయింది. అది పోయిన దారి పొడుగునా సముద్రం మీద తెల్లని ఉప్పుచార ఒకటి మిగిలి, చూస్తుండగానే అంచుల్లో కరగడం మొదలుపెట్టింది.

"కుమారా, కోటకి దారి!" అన్నాడు భట్టు. "తెల్లారేసరికి కరిగిపోతుంది!"

సుధన్వుడు అప్పటికే ఊరి పెద్దపడవ వైపు పరిగెడుతున్నాడు. అతనికన్నా ముందే అక్కడికి చేరినవాడు మరొకడున్నాడు. గురువులు, దెబ్బతిన్న కాలితో, ఎవరినీ అడక్కుండా పడవెక్కి చుక్కాని దగ్గర కూర్చున్నాడు.

"తాతా, ఈ ప్రయాణం నీ వల్ల కాదు."

"నా వల్లే అయింది గదా బాబూ ఇదంతా" అన్నాడు ముసలివాడు. అని, ఒడ్డున నిలబడ్డ ముసలామె వైపు తిరిగాడు. ముప్ఫై ఏళ్ల తరవాత, మధ్యన భట్టు అవసరం లేకుండా, నేరుగా ఆమె ముఖంలోకి చూసి మాట్లాడాడు.

"నూకాలూ, కుండల్లో నీల్లు నింపించు. నలభైమందికి సాలాల."

నూకాలవ్వ అప్పటికే బిందె ముంచుతోంది. "ఎనభైమందికి నింపుతాను" అంది. "మల్లీ ఇక్కడికొచ్చేదాకా ఆల్లకి దాహమేస్తాది గదా."